నాలుగక్షరాలే పడతాయి

జూన్ 1, ఆదివారం

మందుల కంపెనీ వాళ్ళిచ్చిన ఈ డైరీ జనవరి నుంచి ఖాళీగానే పడి ఉంది. ప్రతి పేజీ కిందా "అజీర్తికి ఒక్క చెంచా" అని అచ్చేసి ఉంది. నా కడుపులో ఉన్నది ఎవరితోనూ చెప్పుకోలేను కాబట్టి ఇందులో రాసుకుంటున్నాను.

డ్రిల్లింగ్ మెషీన్ బిట్టు కోసమని అటకెక్కిన మనిషి గంటసేపు దిగలేదు. కింద నిచ్చెన పట్టుకుని నా చేతులు పీకేశాయి. "ఏమండీ, కాపురం అక్కడే పెట్టేశారా?" అని అరిస్తే పలకలేదు. దిగినప్పుడు చేతిలో బిట్టు లేదు. పాత బనీను గుడ్డలో చుట్టిన ఇనప ముక్క ఉంది, చిన్న నోటుపుస్తకమంత.

"ఇది ఆ కంప్యూటర్‌లోదే," అన్నారు.

ఆ కంప్యూటర్ అంటే మా ఇంట్లో ఒకటే. నేను పాత సామాన్లవాడికి ఇచ్చేసినది. ఈయన్ని చేసుకుని ఈ ఇంటికొచ్చిన అయిదో నెలలో ముందుగది సర్దుతూ, మూల దుప్పటి కప్పి ఉన్న ఆ చెడిపోయిన డబ్బాని ఎవరినీ ఒక్క మాటైనా అడగకుండా బండెక్కించాను. సాయంత్రం బడి నుంచి వచ్చిన ఈయన కూతురు, పదకొండేళ్ళ పిల్ల, ఖాళీ మూలను చూసింది. నన్ను చూసింది. ఏడవలేదు. "నాన్న దాన్ని బాగుచేయిస్తానన్నాడు," అంది. నేను అయ్యో అనేలోపే "పర్లేదండీ" అనేసింది.

అంతకుముందు అయిదు నెలలూ నన్ను పిన్నీ అని పిలిచింది. నువ్వు అంది. ఆ పూట నుంచి అండీ, మీరు. పిలవడమైతే ఇక లేనే లేదు. ఏదైనా కావాలంటే గుమ్మం మీద వేలితో రెండుసార్లు కొట్టి, నేరుగా విషయంలోకి దిగుతుంది.

అందులో ఏముందో ఆయన నాకు తర్వాత చెప్పారు. వాళ్ళమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టీచరు. కూతురికి మీటలు అలవాటవ్వాలని తనే కూర్చుని ఒక ఆట తయారుచేసింది. పైనుంచి అక్షరాలు పడుతుంటాయి, నేలను తాకేలోపు ఆ మీట నొక్కాలి. పిల్లకి ఆరేళ్ళప్పుడు ఆ తల్లి జబ్బుచేసి పోయింది. ఆట మిగిలింది. మిగిలినదాన్ని నేను పారేశాను.

తీరా చూస్తే పోలేదట! చెడిపోయింది డిస్కేనేమోనని ఆయన దాన్ని ముందే ఊడదీసి, ఎవరికైనా చూపిద్దామని చుట్టిపెట్టి, శుభ్రంగా మర్చిపోయారు. ఎనిమిదేళ్ళు ఆ పాపం నేను నెత్తిన పెట్టుకుని తిరిగాను, ఈయనగారి మతిమరుపు అటక మీద హాయిగా పడుకుంది. తిట్టడానికి నోరు తెరిచాను కానీ, ఆయన ఆ బనీను గుడ్డని మడతపెడుతున్న తీరు చూసి మూసేశాను.

"పిల్లకి చెప్పకు," అన్నారు. "ఇది కూడా పనిచేయలేదనుకో, దానికి రెండోసారి పోయినట్టవుతుంది."

పదిహేనో తారీకున పిల్ల వెళ్ళిపోతోంది. బస్సులో అయిదు గంటల దూరం, కొత్త ఊరు, కొత్త ఉద్యోగం. విచారణల్లో మనుషులు మాట్లాడింది మాట్లాడినట్టే టైపు చేయాలట. అంటే రెండు వారాలుంది.

నాకేం ఆశ లేదు. పోగొట్టింది నేను కాబట్టి తెచ్చిపెట్టాల్సిందీ నేనే. అంతవరకే.

జూన్ 2, సోమవారం

మందుల షాపులో నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. అటునుంచి అటే కంప్యూటర్ రిపేరు షాపుకి వెళ్ళాను. షాపావిడ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని, దాన్ని బల్లంతా వెతుకుతోంది. నేను వేలితో చూపిస్తే, "అక్కడే ఉంటుంది, నేనే ఉండను," అంది. మనిషి నచ్చింది.

డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని, తీగలు తగిలించి, మళ్ళీ చెవి పెట్టింది. 

"తిరుగుతోంది," అంది.

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

జూన్ 3, మంగళవారం

డిస్కులో ఉన్నదంతా పొల్లుపోకుండా ఒక్క ఫైలుగా దించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చింది.

"ఆట ఒక్కటీ తీసి ఇవ్వొచ్చుగా?" అన్నాను.

"చూశాను. అది ఆ కాలం ప్రోగ్రామండీ. ఇప్పటి విండోస్‌లో కదలదు. దానికి ఆ కాలం కంప్యూటరే కావాలి. కాబట్టి మీ ఇంట్లో కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పెట్టాలి. ఉత్తుత్తిది. పాతది అందులో కూర్చుని, తను ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది."

"మోసం చేయడమన్నమాట."

"మోసం కాదు, మర్యాద," అంది. "డబ్బా ఇక్కడికి పట్టుకొస్తే నేనే పెట్టిస్తాను."

తేలేను. అది పిల్ల కంప్యూటర్. తను బ్లడ్‌టెస్ట్ ల్యాబులో రిపోర్టులు టైపు చేసి, దాచుకుని కొనుక్కుంది. దాన్ని నేను ఇంట్లోంచి బయటికి మోసుకెళ్ళడమా! ఒకసారి మోయించినది చాలు. నేనే చేసుకుంటానన్నాను. చీటీ మీద వరసగా రాసిచ్చింది.

ఇంటికొచ్చేసరికి నా బీపీ మాత్రల డబ్బా మీద చీటీలు అంటించి ఉన్నాయి. పొద్దున అని ఒకటి, సాయంత్రం అని ఒకటి, పెద్దపెద్ద అక్షరాలతో. పిల్ల పనే. ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ మందులిచ్చేదానికి మందులు వేసుకోవడం నేర్పుతోంది! వెక్కిరింత కాకపోతే ఏమిటి?

జూన్ 4, బుధవారం

పిల్ల ల్యాబు నుంచి అయిదున్నరకి వస్తుంది. ఆయన పంపు స్టేషన్ డ్యూటీ ఆరింటిదాకా. నాకున్నది మధ్యాహ్నం మూడు గంటలు.

చీటీలో ఉన్నట్టే ఒక్కొక్కటీ చేశాను. ఉత్తుత్తి కంప్యూటర్‌కి పేరు పెట్టమంటే "పాతది" అని పెట్టాను. స్టార్ట్ నొక్కాను. ఎర్ర గుర్తుతో ఒక గడి వచ్చింది, హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ అందుబాటులో లేదని.

షాపావిడకి ఫోన్ చేస్తే, "కంగారు పడకండి. టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ అని ఉన్నచోట నొక్కండి. కింద వర్చువలైజేషన్ ఎదురుగా ఏముంది?" అంది.

"డిజేబుల్డ్ అని ఉంది."

"అమ్మయ్య."

"అమ్మయ్య ఏమిటండీ? లేదని చెబుతోంది కదా!"

"లేదనడం లేదు. లేకపోవడం వేరు, ఆపేసి ఉండడం వేరు. ఇంకో కంప్యూటర్‌ని తనలో పెట్టుకునే శక్తి లోపల ఉంది, ఎవరూ వాడలేదు కాబట్టి ఆపేసి ఉంది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు డిలీట్ మీట కొడుతూ ఉండండి, బయోస్ అని ఒక గది తెరుచుకుంటుంది. అందులో వీటీ ఎక్స్ అని ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేస్తే అయిపోయింది."

అయిపోయిందట. వినడానికి ఎంత బాగుందో.

జూన్ 5, గురువారం

పదకొండుసార్లు ఆన్ చేశాను. పదకొండుసార్లూ నా వేలికంటే అదే ముందు లేచింది.

జూన్ 6, శుక్రవారం

షాపావిడ ఇంకో దారి చెప్పింది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే అదే మెల్లగా అడుగుతుందట, ఎక్కడికి వెళ్తారమ్మా అని. వెళ్ళాను. నల్లటి తెర, ఎర్రటి గీతలు, అన్నీ ఇంగ్లీషులో పొట్టి పొట్టి పేర్లు. ఆపరేషన్ గదిలోకి చెప్పులతో వెళ్ళినట్టు అనిపించింది.

వీటీ ఎక్స్ లేదు. ఒక్కో పేజీ తిప్పి చూశాను. లేదు. ఎక్కడో వేలు తగిలి ఏదో మారింది, లోపల ఫ్యాను గుయ్యిమని మొదలైంది. ఏం మార్చానో తెలిస్తే కదా వెనక్కి మార్చడానికి!

పిల్ల వచ్చి ఆన్ చేసి, ఆ చప్పుడు విని ఆగిపోయింది. గుమ్మం మీద రెండు దెబ్బలు.

"దీన్నెవరైనా ముట్టుకున్నారా?"

"దుమ్ము దులిపాను," అన్నాను. నోటికి అదే వచ్చింది.

పిల్ల మొహం ఆ రోజు ఖాళీ మూలను చూసినప్పటిలా అయింది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "దయచేసి దులపకండి. నేను వెళ్ళాక కూడా. ఇది ఇక్కడే ఉండనివ్వండి."

సరే అన్నాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు నిలబడ్డాను. పిల్లే ఏదో నొక్కి ఆ ఫ్యాను సంగతి సరిచేసుకుంది.

జూన్ 7, శనివారం

కూరల సంచితో మెట్లెక్కుతూ పిల్లకి ఫోన్ చేశాను, తలుపు తీస్తుందని. తీసింది. చేతిలో ఫోన్ ఇంకా మోగుతోంది. తెర మీద నా పేరు ఉండాల్సిన చోట "ఇల్లు" అని ఉంది.

ఇల్లు. మనిషిని కూడా కాదన్నమాట. గోడలూ తలుపులూ గిన్నెలూ. పిన్ని అని పెట్టుకోమని నేనేం దేబిరించడం లేదు. అమ్మ అనైతే కలలో కూడా అనుకోలేదు. వాళ్ళమ్మ వాళ్ళమ్మే. నాకేం పట్టింపు లేదు.

పట్టింపు లేదని ఇంత రాశాను.

జూన్ 8, ఆదివారం

అందరూ ఇంట్లోనే. ఏమీ కుదరలేదు. ఆయన బిట్టు దొరికిందని గోడకి అనవసరంగా నాలుగు కన్నాలు పెట్టారు.

జూన్ 9, సోమవారం

ఈ రోజు పద్ధతిగా కూర్చున్నాను. స్టాకు చూసేటప్పుడు అరలన్నీ వరసగా రాసుకున్నట్టు, ఆ బయోస్ గదిలో ఉన్న పేర్లన్నీ ఒక్కటీ వదలకుండా తెల్ల కాగితాల మీద ఎక్కించాను. ఏదీ ముట్టుకోలేదు. అర్థమైనవాటి పక్కన అర్థం రాశాను. బూట్ అంటే లేవడం. ఫ్యాన్ అంటే ఫ్యానే. ఎస్‌వీఎం మోడ్ అంటే ఏదో సౌండు సంగతి. అయిదు కాగితాలయ్యాయి. వీటీ ఎక్స్ ఎక్కడా లేదు.

శక్తి లోపల ఉందని షాపావిడ ఊరడింపుకి చెప్పి ఉంటుంది. మందుల షాపులో మనం చెప్పమూ, తగ్గిపోతుందిలెండి అని?

జూన్ 10, మంగళవారం

కౌంటరు దగ్గర ఒక పెద్దాయన మాత్రల అట్ట వెనక్కి తోసేశాడు.

"ఇది నాది కాదమ్మా. నాది పచ్చ పెట్టె."

"పచ్చ పెట్టె స్టాకు లేదండీ. ఇది వేరే కంపెనీ. పేరు వేరు, మందు ఒకటే."

"పేరు వేరైతే మందు వేరే కదా?"

"లోపల ఏముందో చూడండి," అని అట్ట వెనక సన్నగా రాసి ఉన్నది చదివి వినిపించాను. రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూపించాను. రోజుకి నలభైసార్లు చేసే పనే. గొణుక్కుంటూ తీసుకెళ్ళాడు. పేరు పట్టుకుని వేళ్ళాడితే ఎలా అని నవ్వుకున్నాను.

సాయంత్రం వాన పట్టుకుంది. కాసిన్ని సరుకులు కొనుక్కుని బస్సు దిగేసరికి పిల్ల గొడుగేసుకుని స్టాపులో నిలబడి ఉంది. "మబ్బు కనబడలేదా? గొడుగు తీసుకెళ్ళరెందుకు? మాత్రలు వేసుకోరు, గొడుగు తీసుకెళ్ళరు," అని దారంతా సణుగుతూనే ఉంది. గొడుగు మొత్తం నా వైపే పట్టి, తను సగం తడిసింది. నా మీద అంత విసుగెందుకో.

ఇంకో మాట. ప్రయాణం ఒకరోజు ముందుకి జరిగింది. పద్నాలుగు పొద్దున్నే బస్సు.

జూన్ 11, బుధవారం

ఇక నా వల్ల కాదని చెప్పేద్దామని వెళ్ళాను. అయిదు కాగితాలూ షాపావిడ బల్ల మీద పెట్టాను. నెత్తి మీంచి కళ్ళజోడు దించుకుని ఒక్కో వరసా చదివింది. మూడో కాగితం మధ్యలో వేలు ఆగింది.

"ఇదిగో, ఉందిగా!"

"ఏదీ?"

"ఎస్‌వీఎం మోడ్, డిజేబుల్డ్. మీ చేత్తోనే రాశారు."

"అది సౌండుది కాదూ?"

ఆవిడ గట్టిగా నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. "తప్పు నాదే. మీ ప్రాసెసర్ ఏ కంపెనీదో అడగకుండా వీటీ ఎక్స్ అని చెప్పేశాను. మీది ఇంకో కంపెనీ. వాళ్ళు దీన్నే ఎస్‌వీఎం అంటారు. పేరు వేరు, పని ఒకటే."

నా మాట నాకే తిప్పి ఇచ్చింది, తనకి తెలియకుండానే. ఇరవై ఏళ్ళుగా రోజుకి నలభైసార్లు అనే మాట! ఊరందరి కళ్ళూ తెరిపించేదాన్ని, నా చేత్తో నేనే రాసుకుని, పక్కన తప్పుడు అర్థం కూడా రాసుకుని, లేదు లేదని వారం రోజులు తిరిగాను.

ఇంటికొచ్చి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళలేదు. ఈ డైరీ తీసి మొదటి నుంచి చదివాను. మాత్రల డబ్బా మీద చీటీలు. నేను వెక్కిరింత అని రాశాను. వానలో గొడుగు. నేను విసుగు అని రాశాను. నేను ఫోన్ చేస్తే దాని తెర మీద ఇల్లు. గోడలూ తలుపులూ అని రాశాను.

ఆరేళ్ళకే తల్లి పోయిన పిల్ల. ఏ ఊళ్ళో ఉన్నా, ఏ వేళప్పుడైనా ఫోన్‌లో ఇల్లు అని నొక్కితే నేను పలుకుతాను. ఎనిమిదేళ్ళుగా ఒక్క మాట కోసమే దాని నోటి వంక చూశాను. అట్ట తిప్పి వెనక చదవలేదు.

ఏడ్చాను. బాగానే అనిపించింది.

జూన్ 12, గురువారం

మూడో కాగితం. ఎస్‌వీఎం మోడ్. ఎనేబుల్డ్. ఆ మార్పు దాచి బయటికి వచ్చాను. ఆవిడ చెప్పినట్టు ఒకసారి పూర్తిగా ఆపి, ప్లగ్గు పీకి, పదిదాకా లెక్కపెట్టి మళ్ళీ పెట్టాను.

"పాతది" లేచింది. లేచి, నీలం తెర మీద ఏదో తిట్టి పడిపోయింది. ఫోన్. "డిస్కు రకం పాతదానికి మార్చండి," అంది షాపావిడ. మార్చాను. మళ్ళీ నొక్కాను.

చిన్న కిటికీలో బూడిద రంగు తెర, గంట గణగణలాడినట్టు ఒక పాత చప్పుడు. ఆ తర్వాత పచ్చటి గుట్ట బొమ్మ. మూల ఒకే ఒక్క గుర్తు, దాని కింద ఇంగ్లీషులో "బుల్లి" అని ఉంది. ఆయన పిల్లని పిలిచే పేరు. పెట్టింది వాళ్ళమ్మేనట.

వేలు దానిదాకా వెళ్ళింది. తెరవలేదు. మొదటిసారి తెరవాల్సింది నేను కాదు. అన్నీ మూసేసి, బల్ల ముందు కుర్చీ ఎలా ఉందో అలాగే పెట్టి వచ్చాను. దుమ్ము కూడా తుడవలేదు.

జూన్ 13, శుక్రవారం

ల్యాబులో పిల్లకి ఈ రోజే ఆఖరు. నాలుగింటికే వచ్చేసింది. ఆయన కూడా డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉన్నారు. పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నట్టు నటించారు.

నేను "పాతది" తెరిచిపెట్టి, కుర్చీ పక్కన నిలబడ్డాను. భుజం మీది సంచీ దించకుండానే పిల్ల గదిలోకి వచ్చి ఆగింది. పచ్చ గుట్టని చూసింది. కింద పేరు చూసింది. ముందు నాన్న వైపు, తర్వాత నా వైపు చూసింది.

"ఇదెక్కడిది?"

"అటక మీద. డిస్కు మీ నాన్న ముందే తీసి దాచారు. దాచి మర్చిపోయారు," అన్నాను.

"మర్చిపోవడం కాదు, భద్రం చేశాను," అన్నారు ఆయన పేపరు వెనక నుంచి.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. "ఆ రోజు నిన్ను అడగాల్సింది. అడక్కుండా ఇచ్చేశాను. తప్పు చేశాను. ఎనిమిదేళ్ళ నుంచీ చెప్పాలనుకుంటున్నాను."

పిల్ల సంచీ నేల మీద పెట్టింది. "నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఆ వారమంతా మీరు పాత సామాన్ల షాపులన్నీ తిరిగారట కదా. చెప్పు తెగిపోతే చేత్తో పట్టుకుని ఇంటికొచ్చారు. నేను కిటికీలోంచి చూశాను. నాన్నని అడిగితే చెప్పాడు."

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తారు.

"మర్నాడే పిలుద్దామనుకున్నాను," అంది పిల్ల, తెర వైపే చూస్తూ. "ఒకసారి మానేశాక మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. రేపు, రేపు అనుకున్నాను. తర్వాత పెద్దదాన్నయిపోయాను, సిగ్గేసింది. తలుపు కొట్టడం అలవాటైపోయింది."

 దాని తల మీద చెయ్యి వేశాను. తీయమనలేదు.

ఆట తెరిచింది. నల్ల తెర, తెల్లటి అక్షరాలు. మొదట పట్టిక వచ్చింది. అందులో పేరుకి ఇంగ్లీషు అక్షరాలు నాలుగే పడతాయి. పైన AMMA, 212. దాని కింద BULL, 140. ఆ కింద NANA, 11.

"బుల్ ఏమిటి?" అన్నాను.

"బుల్లికి నాలుగే పట్టాయి. ఎద్దునైపోయానని అమ్మ పడీపడీ నవ్వింది," అని తనూ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆయన పేపరు పడేసి వచ్చి మా వెనక నిలబడ్డారు. తన పదకొండు మీద ఎవరూ ఏమీ అనకముందే, "ఆ రోజు నాకు జ్వరం," అన్నారు.

పిల్ల ఆడింది. దాని వేళ్ళు నేను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అక్షరాలు వానలా దిగుతుంటే, మీటల మీద చప్పుడు ఆగకుండా వినిపించింది. నూట యాభై. నూట తొంభై. రెండొందలు దాటింది. రెండొందల పదకొండు దగ్గర చేతులు రెండూ ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. మిగిలిన అక్షరాలు ఒక్కొక్కటే కిందికి దిగి నేల మీద పడ్డాయి.

"అయ్యో, రెండు కొడితే నువ్వే పైన!" అన్నారు ఆయన.

"తలుచుకుంటే మూడొందలు కొడతాను నాన్నా," అంది. "అమ్మ పైనే ఉండాలి."

ఆట అయిపోగానే తెర మధ్యలో వాళ్ళమ్మ రాసిన మాట వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మళ్ళీ రా. ముగ్గురం దాన్ని చూస్తూ ఉండిపోయాం. 

తర్వాత పిల్ల లేచి, కుర్చీ నా వైపు తిప్పింది.

"కూర్చోండి."

"నాకా? నాకు టైపు రాదు. బిల్లు కొట్టడమే రెండు వేళ్ళతో కొడతాను."

"ఆ రెండు వేళ్ళే చాలు."

కూర్చున్నాను.  ఆ తల్లి కూతురి కోసం చేసిన ఆటలో నేను వేలు పెట్టొచ్చా అని ఒక్క క్షణం అనిపించింది. అంతలో అక్షరాలు పడనే పడ్డాయి. కళ్ళు ఒకచోట, వేళ్ళు ఇంకోచోట. పిల్ల నా వెనక నుంచి "అటు, అటు, పైవరస, అయ్యో!" అని కేకలు. ఏడు వచ్చాయి. మొత్తం ఏడు. ఆయన గర్వంగా దగ్గారు.

తెర మధ్యలో మళ్ళీ అదే మాట. మళ్ళీ రా. ఈసారి అది నాకే వచ్చింది. ముక్కూ మొహం తెలియని ఆవిడకి లోపలే దండం పెట్టుకున్నాను.

పట్టికలో నాలుగో వరస తెరుచుకుంది, పేరు కొట్టమని. నేను మీటల వంక వెతుకుతుంటే పిల్ల నా భుజం మీంచి వంగింది. వేలితో ఒక్కొక్కటే కొట్టింది. P. I. N. N. ఇంకో మీట నొక్కింది. పడలేదు. మళ్ళీ నొక్కింది.

"చివరిది పట్టడం లేదు," అంది. "పిన్ను అయిపోయావు. ఏమనుకోకు పిన్నీ."

నువ్వు అంది. పిన్నీ అంది.

అలా అన్నట్టు దానికైనా తెలిసిందో లేదో. దాని చెంప మాత్రం నా చెంప పక్కనే ఉంది, వేడిగా. "ఏమనుకోనే బుల్లీ," అన్నాను. నేనూ ఆ పేరుతో దాన్ని పిలవడం అదే మొదటిసారి.

జూన్ 14, శనివారం

బస్సెక్కింది. పెట్టె పైకి ఎక్కించాక కిటికీలోంచి, "మాత్రలు, గొడుగు," అంది. ఆయన మొహం పక్కకి తిప్పుకుని టైర్లలో గాలి చూస్తున్నట్టు నిలబడ్డారు.

పన్నెండున్నరకి కౌంటరు దగ్గర ఉండగా ఫోన్ మోగింది. చేతిలో ఎవరిదో మందుల చీటీ ఉంది. తెర వంక చూసి ఆగిపోయాను.

"ఆయన కూతురు" అని ఉంది.

పెళ్ళైన కొత్తలో నేనే పెట్టిన పేరు. ఫోన్లు రెండు మారాయి, పేరు అలాగే వచ్చింది. ఎనిమిదేళ్ళుగా అది మోగినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. చూసినట్టే లేదు. పిల్ల నన్ను ఇల్లు అని రాసుకుందని పేజీ నిండా ఏడ్చినదాన్ని!

"చేరాను పిన్నీ. గది బాగుంది, కిటికీ ఉంది. ఆట మళ్ళీ ఆడావా?"

"ఇంకా లేదే. సాయంత్రం ఆడతాను."

"నాన్నని దాటెయ్. పన్నెండు చాలు."

పెట్టేశాక, చీటీ ఇచ్చినాయన్ని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, ఆ పేరు చెరిపేశాను. ఇందులో ఎన్ని అక్షరాలైనా పడతాయి. బుల్లి అని కొట్టాను. రెండు వేళ్ళతో, తప్పు లేకుండా.